సంఘమంతయు పాడవలెనని కోరిన జాన్ కర్వెనుగారు

దేవాలయమున కీర్తన నెత్తుకొనినపుడు పదుగురు పాడుచుండగా తక్కినవారు పుస్తకము తెఱచుకొని యూరకే నిలుచుండుట మనము తఱచుగా చూచుచున్నాము. కారణ మడిగినచో తమకు గాత్రము లేదనియు, సంగీతము కొందఱికి మాత్రమే దేవుడిచ్చిన వరమనియు వారు చెప్పుదురు. పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున ఇంగ్లాండు దేశపు దేవాలయములందును ఇట్టి స్థితియే యుండెను. గాయకులు కొలదిమంది మేడపై నిలిచి పాడుచుండ, క్రిందనున్న సంఘస్థులలో పెక్కుమంది వినువారుగానే మిగిలిపోవుచుండిరి. పాటను చూచి పాడుట ధనవంతుల బిడ్డలకును, వృత్తి గాయకులకును మాత్రమే తెలిసిన విద్య. కూలివాడును, నేతపనివాడును, వారి పిల్లలును ఆ విద్యకు వెలుపలనే యుండిరి. ఈ గోడను పడగొట్టుటకు తన జీవితమును ధారపోసిన మనుష్యుడు సంగీత విద్వాంసుడు కాడు. అతడొక సామాన్య సంఘకాపరి. ఆరంభమున స్వరలిపి చూచి ఒక్క రాగమైనను తిన్నగా పాడలేకపోయినవాడు. ఆయనయే జాన్ కర్వెనుగారు.

కర్వెనుగారు 1816వ సంవత్సరము నవంబరు 14వ తేదీన యార్కుషైరు మండలమున హెక్‌మన్‌డ్వైకు అను ఊరిలో జన్మించిరి. తండ్రి స్పెడ్డింగు కర్వెనుగారు స్వతంత్ర సంఘపు బోధకులు. రాజ్యసంఘమునకు చేరని యిట్టివారి బిడ్డలకు ఆ కాలమున ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల పట్టములు లభించెడివి కావు. అందుచేత జాను తమ సంఘమువారు బోధకుల కొఱకై నడిపించుచుండిన విమండ్లీ కళాశాలలో చేరెను. 1833లో ఆ కళాశాల లండనునకు మార్చబడగా, అక్కడి యూనివర్సిటీ కాలేజీలోని ఉపన్యాసములను గూడ వినెను. 1838లో బేసింగ్‌స్టోకు అను ఊరి సంఘమునకు సహాయబోధకుడుగా నియమింపబడెను.

ఆయనకు పిల్లలకు బోధించుటయందు మిక్కిలి ఆసక్తి. ఆదివారపు పాఠశాలలో ఆయన పాఠము చెప్పుచున్నచో పిల్లలు కదలక వినెడివారట. పిల్లల కొఱకు చిన్న పుస్తకములు వ్రాసెను, కీర్తనలు కూర్చెను. కాని కీర్తన నేర్పవలసి వచ్చినపుడు మాత్రము ఈ మంచి యుపాధ్యాయుడు నిస్సహాయుడగుచుండెను. అయిదు గీతలమీద నల్లని గుండ్రని గుర్తులతో వ్రాయబడెడి స్వరలిపిని నేర్చుకొనుటకు ఆయన యెంతో ప్రయత్నించెను. గుర్తుల పేరులు తెలిసెను గాని, గుర్తు చూడగానే గొంతులోనికి స్వరము రాలేదు. పిల్లలు కలిసి పాడినపుడు కలిగెడి సంతోషమును ఆయన యెఱుగును. ఆ సంతోషమును వారికిచ్చు మార్గము మాత్రము ఆయనకు దొరకలేదు.

1841లో హల్ పట్టణమున ఆదివారపు పాఠశాలల యుపాధ్యాయులు సభగా కూడిరి. పాఠశాలలలోను దేవాలయములలోను పాట నేర్పుటకు సులభమైన పద్ధతి యొకటి వెదకి తెలుపవలసినదని వారు ఈ యువబోధకుని కోరిరి. పాడలేనివానికి పాట నేర్పు మార్గము వెదకు పని యప్పగించుట వింతగా తోచవచ్చును. కాని ఆలోచించినచో అది సరియైన యెన్నికయే. పుట్టుకతో పాడగలిగినవానికి పాడలేనివాని కష్టము తెలియదు. కర్వెనుగారికి ఆ కష్టము ప్రతి మెట్టునను తెలియును.

ఆ దినములలో నార్విచ్ పట్టణమునందు సారా గ్లోవరు అను దొరసానిగారుండిరి. ఆమె 1786లో జన్మించిరి. ఒక గురువుగారి కుమార్తె. పేదబాలికలకు పాఠశాల నడుపుచు, సంఘమంతయు కీర్తనలు పాడవలెనను కోరికతో ఒక క్రొత్త స్వరపద్ధతిని కల్పించి, 1835లో పుస్తకముగా ప్రకటించిరి. గీతలును గుండ్రని గుర్తులును విడిచి, స్వరముల పేరులలోని మొదటి యక్షరములనే ఆమె స్వరలిపిగా వాడిరి. ఆమె శిష్యురాండ్రైన చిన్నబాలికలు ఆ యక్షరములు చూచి నిర్భయముగా పాడుచుండిరి. ఈ పుస్తకము కర్వెనుగారి చేతబడెను. దాని సాయమున కొలదికాలములోనే స్వరము చూచి పాడుట ఆయనకు వశమయ్యెను. ఏండ్లకొలది ప్రయాసపడినను తెఱువని తలుపు ఒక్కమాఱుగా తెఱచుకొనెను. ఆయన నార్విచ్‌కు పోయి ఆ పాఠశాలను కన్నులార చూచి, తాను వెదకుచున్న మార్గ మిదియేయని నిశ్చయించుకొనెను.

ఈ పద్ధతి మన తెలుగు బిడ్డలకు సులభముగా బోధపడును. మనము స రి గ మ ప ద ని యని పాడునపుడు షడ్జమును ఒకే శ్రుతిలో నిలుపవలెనను నియమము లేదు. గాయకుని గాత్రము ననుసరించి శ్రుతిని హెచ్చించియో తగ్గించియో పెట్టుకొందుము. షడ్జము ఎక్కడ నిలిచిన, తక్కిన స్వరములు దానినుండి తమ తమ దూరములలో నిలుచును. గ్లోవరు దొరసానిగారి పద్ధతియు నట్టిదే. డో, రే, మీ, ఫా, సో, లా, టీ యను ఏడు స్వరములలో డో మన షడ్జము వంటిది; పాటను బట్టి దాని స్థానము మారును. ఈ వరుస రమారమి మన శంకరాభరణ రాగపు స్వరముల వంటిది. పూర్వము ఏడవ స్వరమునకు సీ యని పేరుండెను. సో, సీ రెంటికిని మొదటి యక్షర మొకటే యగుటచే దొరసానిగారు సీని టీగా మార్చిరి. ఇట్టి చిన్న మార్పులలోనే మంచి యుపాధ్యాయుని బుద్ధి కనబడును.

అదే 1841లో లండనునందు జాన్ హల్లా అను సంగీతజ్ఞుడు ఉపాధ్యాయులకు గొప్ప తరగతులు నడుపుచుండెను. ఆయన ఫ్రాన్సు దేశమునుండి తెచ్చిన పద్ధతిలో డో యెల్లప్పుడును ఒకే స్థానమున నిలుచును. మొదటి పాఠములు సుఖముగా జరిగెడివి. శ్రుతి మారిన పాట వచ్చినపుడు మాత్రము అభ్యాసకులు తికమకపడెడివారు. ప్రభుత్వపు ఆదరణ మాత్రము హల్లాగారికే యుండెను. కర్వెనుగారికి ఆదరణయు లేదు. సంగీతమున పేరును లేదు.

అయినను ఆయన పనికి పూనుకొనెను. 1842లో ఒక మాసపత్రికయందు పాఠములు వ్రాసెను. 1843లో పాఠశాలల కొఱకును సంఘముల కొఱకును పాట నేర్పు పుస్తకమును ప్రకటించెను. గ్లోవరు దొరసానిగారి పద్ధతిలో తాను కొన్ని మార్పులు చేసెను. స్వరాక్షరములను చిన్నవిగా చేసి, తాళమును తెలుపుటకు రెండు చుక్కలు, ఒక చుక్క, అడ్డగీత మొదలగు గుర్తులు వాడెను. పైస్థాయికిని క్రిందిస్థాయికిని అక్షరమునకు చిన్నగుర్తు చేర్చెను. స్వరములన్నియు నిచ్చెన మెట్లవలె ఒకదానిపై నొకటి వ్రాసిన పటమును గోడకు వ్రేలాడదీసి, బెత్తముతో చూపుచు తరగతిచేత పాడించుట ఆయన పద్ధతిలో ముఖ్యభాగము. తరువాతి కాలమున ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క హస్తముద్రను గూడ కల్పించెను. ఈ మార్పులలో కొన్ని దొరసానిగారికి నచ్చలేదు. తమ పద్ధతియే మేలని ఆమె తలచిరి. అయినను వారిరువురి స్నేహము చెడలేదు. మూలము ఆమెదేయని కర్వెనుగారు ఎల్లప్పుడును ఒప్పుకొనుచు వచ్చిరి. ఆమె 1867లో పరమపదించిరి.

1844లో కర్వెనుగారు లండనునకు తూర్పుననున్న ప్లెయిస్టో గ్రామపు సంఘమునకు కాపరిగా వచ్చిరి. 1845లో మేరీ థాంప్సను అనునామెను వివాహమాడిరి. పగలు సంఘపు పనియు, సాయంకాలములు పాట తరగతులును జరుగుచుండెను. ఇచ్చట ఆయనకు ఒక సంగతి స్పష్టమయ్యెను. పద్ధతి యెంత మంచిదైనను పాడుటకు పాటలు లేనిదే అది నిలువదు. గీతల స్వరలిపిని అచ్చువేయుటకు చెక్కిన లోహపు రేకులో ప్రత్యేకమైన అచ్చులో కావలెను. అందుచే ఆ పుస్తకముల వెల హెచ్చు, బీదవాడు కొనలేడు. ఈ క్రొత్త లిపికి మామూలు అక్షరములును చుక్కలును చాలును. వార్తాపత్రిక నచ్చువేయు ముద్రాక్షరశాలయే పాటను గూడ అచ్చువేయగలదు. పాటను బీదవాని చేతికి అందించుటకు దారి యిందులోనే కలదని ఆయన గ్రహించెను.

1851లో ఆయన ఈ పద్ధతి కొఱకై ఒక పత్రిక నారంభించెను. అందు పాఠములు, తరగతుల సమాచారములు, వానితోపాటు పాడదగిన పాటలును ఉండెను. 1852లో కాసెల్ కంపెనీవారు సామాన్యజనుల చదువు కొఱకు ప్రకటించిన పత్రికయందు ఆయన పాఠములు వెలువడగా, గురువు లేనివారును వానిని చూచి నేర్చుకొనసాగిరి. 1853లో ఈ పద్ధతివారి సంఘ మేర్పడెను. అప్పుడు వేలలో లెక్కింపదగిన అభ్యాసకులు పది సంవత్సరములలో లక్షను దాటిరి. 1857లో లండనునందలి స్ఫటిక మందిరమున వేలకొలది బాలబాలికలు కలిసి పాడిరి. వారిలో పెక్కుమంది పనివారి బిడ్డలు. 1867లో పారిసు నగరపు మహాప్రదర్శనమున ఈ పద్ధతివారి గాయకబృందము బహుమానము పొందెను.

ఇంత పని ఒక్క మనుష్యుని శరీరమునకు మించినది. 1856లో ఆయన ఆరోగ్యము చెడి, జర్మనీ దేశమునకు పోయి విశ్రాంతి తీసికొనవలసివచ్చెను. తిరిగివచ్చిన పిమ్మట 1858లో తన బోధనాక్రమమును సంపూర్ణ గ్రంథముగా వెలువరించెను. 1863లో తన స్వంత ముద్రాక్షరశాలను, ప్రకటనాలయమును స్థాపించెను. ఒక్కొక్క పాట విడి కాగితముగా స్వల్పమైన వెలకు దొరకసాగెను. కీర్తనలే గాక, హేండెలు రచించిన మెస్సయ్య వంటి గొప్ప గానకావ్యములును ఈ యక్షరలిపిలో అచ్చుపడెను. తరగతి పెరిగినకొలది పాటలు కావలసివచ్చెను. పాటలు చవుకయైనకొలది తరగతులు పెరిగెను. ఈ విధముగా కలిసి పాడుటయందలి ప్రీతి యొక గొప్ప వర్తకమయ్యెను. ఆ వర్తకము మరల ఆ ప్రీతినే పోషించెను.

1864లో ఆయన కొక కఠినమైన నిర్ణయము చేయవలసివచ్చెను. ఇరువది యేండ్లు కాపాడిన మందను విడిచి, అచ్చుపనికిని పాటకును తన దినములన్నియు ఇచ్చుటయా? దేవుని వాక్యము చెప్పుటకు ప్రతిష్ఠింపబడినవాడు వర్తకుడగుట తగునాయని తలచువారు ఎప్పుడును ఉందురు. కర్వెనుగారు పనిని విడువలేదు. సంఘకాపరి యుద్యోగమును విడిచెను. ప్లెయిస్టో బోధపీఠమునుండి కొన్ని వందలమంది వినగలరు. ముద్రాక్షరశాలనుండి వెడలిన కాగితము ఆయన కాలు మోపని ఊళ్లలో గూడ దేవుని స్తుతింపజేయును. దీనిని బట్టి చూచినచో ఆయన బోధను మానలేదు. బోధపీఠమును మాత్రమే మార్చుకొనెనని చెప్పవచ్చును.

బోధనాశాస్త్రము నభ్యసించిన మావంటి యుపాధ్యాయులకు ఆయన పద్ధతియందు నేర్చుకొనదగినది చాల గలదు. సులభమైనది ముందును కఠినమైనది వెనుకను రావలెననియు, వస్తువు ముందును దాని గుర్తు వెనుకను చూపవలెననియు ఆయన నియమము. పిల్లవాడు ముందు స్వరమును విని, పాడి, దాని గుణమును మనస్సున నిలుపుకొన్న తరువాతనే దాని యక్షరమును చూచును. స్వరమునకు స్వరమునకు గుణభేదము కలదని ఆయన చూపెను: డో స్థిరమైనది, సో తేజోవంతమైనది, లా దుఃఖమును తెలుపునది, టీ పైమెట్టునకు ఎగబ్రాకునది. మఱియు ఆయన మూడు తరగతుల యోగ్యతాపత్రముల నేర్పఱచెను. ఒక్కొక్కని విడిగా పరీక్షించి పత్రమిచ్చుటచే, గుంపులో దాగి పెదవులు కదల్చెడివాడు బయటపడుచుండెను. 1869లో ఉపాధ్యాయులను తయారుచేయుటకు కళాశాల స్థాపింపబడెను. 1879లో ఫారెస్టుగేటు అనుచోట దానికి స్వంత భవనమేర్పడెను.

విమర్శకులు లేకపోలేదు. అక్షరలిపి నేర్చినవారు గీతల స్వరలిపిని చదువలేరనియు, వాద్యకారులతో కలిసి పనిచేయలేరనియు, గొప్ప సంగీతపు ప్రపంచమునకు వెలుపలనే నిలిచిపోవుదురనియు సంగీతజ్ఞులు కొందఱు ఆక్షేపించిరి. 1872లో హల్లాగారు పాఠశాలల సంగీతమునకు ప్రభుత్వ పరీక్షాధికారిగా నియమింపబడిరి. ఆయన ఈ పద్ధతికి అనుకూలుడు కాడు. కర్వెనుగారు మొదట తన లిపిని గీతల లిపికి మెట్టుగానే తలచిరి. 1872లో మాత్రము తన బోధనాగ్రంథమునుండి గీతల లిపిని తొలగించి, ఈ లిపి తనంతట తానే చాలునని నిర్ధారించిరి. ఈ విషయమున విమర్శకుల మాటలో కొంత సత్యము కలదని తరువాతి కాలము చూపినది. అక్షరలిపితోనే ఆగిపోయినవారు అనేకులుండిరి. కాని వారిలో చాలమందికి ఈ మెట్టే లేకున్న ఏ మెట్టును ఉండెడిది కాదు. ఈ సంగతిని మఱచి కర్వెనుగారిని తప్పుపట్టుట న్యాయము కాదు. 1891 నాటికి బ్రిటను దేశపు ప్రాథమిక పాఠశాలలలో రమారమి 25 లక్షల పిల్లలు ఈ పద్ధతిలో పాట నేర్చుచుండిరి.

ఆ దినమును కర్వెనుగారు చూడలేదు. 1880 జనవరిలో ఆయన భార్య మరణించెను. ఆ మే నెల 26వ తేదీన, తన అరువది నాలుగవ యేట, మాంచెస్టరు పట్టణ ప్రాంతమున ఆయనయు ప్రభువునందు నిద్రించెను. పెద్దకుమారుడు జాన్ స్పెన్సరు కర్వెనుగారు తండ్రి పనిని సాగించి, 1882లో స్ట్రాట్‌ఫర్డు అనుచోట సంగీతపు పోటీల నారంభించిరి. ఆ కుటుంబమువారి ప్రకటనాలయము తరువాతి కాలమున పేరొందిన ఆంగ్ల సంగీతకర్తల గీతములను అచ్చువేసెను. ముద్రాక్షరశాల ఆయన మనుమడు హెరాల్డు కర్వెనుగారి చేతిలో సుందరమైన అచ్చుపనికి ప్రసిద్ధి కెక్కి, 1984 వరకు నడచెను.

ఆయన పని యింగ్లాండుతో ఆగలేదు. వేల్సు దేశపు గనిపనివారు ఈ యక్షరములు చూచి నాలుగు గాత్రములలో కీర్తనలు పాడిరి. లండను మిషనరీ సంఘమువారు మడగాస్కరు ద్వీపమునకు దీనిని తీసికొనిపోయిరి. దక్షిణాఫ్రికాలో మిషను పాఠశాల యుపాధ్యాయుడైన ఈనాకు సొంటోంగా 1897లో ఒక ప్రార్థనాగీతమును రచించి, దాని స్వరమును ఈ యక్షరములతోనే వ్రాసికొనెను. ఆ గీతము స్వాతంత్ర్యము కోరు ప్రజల గీతమయ్యెను. 1997 నుండి ఆ దేశపు జాతీయగీతములో భాగమైనది. మన దేశమునందును వేల్సు మిషనరీలు సేవచేసిన మిజో కొండలలోని సంఘములు నేటికిని ఈ లిపిలో అచ్చువేసిన కీర్తనపుస్తకములు చేతబట్టి పాడుచున్నవి. హంగరీ దేశపు సంగీతకర్త జోల్తాన్ కొదాయిగారి పేర ప్రసిద్ధమైన బోధనాపద్ధతిలో కర్వెనుగారి హస్తముద్రలు నిలిచియున్నవి.

మన తెలుగు సంఘములు మఱియొక త్రోవ త్రొక్కినవి. పురుషోత్తమ చౌదరిగారు మొదలగు భక్తులు కర్ణాటక రాగములలో కీర్తనలు రచించిరి. గమకములతో కూడిన ఆ రాగముల సొగసును డో, రే, మీ యను అక్షరములు పూర్తిగా పట్టజాలవు. వానిని పెద్దలనోట వినియే నేర్వవలెను. అయినను రెండు త్రోవల గమ్య మొక్కటే. పాట కొందఱి సొత్తు కారాదు, సంఘమంతటిది కావలెను.

బాలబాలికలారా, కర్వెనుగారి చరిత్రనుండి మీరు గ్రహింపవలసినది, సంగీతమున ఎల్లరును విద్వాంసులు కావచ్చునని కాదు. తనకు రాని విద్యను రాదని విడిచిపెట్టక, తనవలెనే రానివారందఱి కొఱకును దారి వేసిన మనుష్యుడొకడు ఉండెనని గ్రహింపుడు. గణితమో, వ్యాకరణమో, చేతిపనియో మీకు కష్టముగా నుండవచ్చును. ఆ కష్టమును జయించినవాడే దానిని తోడివానికి బాగుగా నేర్పగలడు. తలిదండ్రులారా, పిల్ల పాడబోయినపుడు గాత్రము లేదని నవ్వకుడు. ఆ నవ్వుచేత మూసికొనిన నోరు జన్మాంతమువరకు తెఱువకపోవచ్చును. ఉపాధ్యాయ సోదరులారా, తరగతిలో వెనుకబల్లమీద మౌనముగా కూర్చున్న పిల్లవానికి వరము లేదని నిర్ణయించుటకు ముందు, మనము వానికి తగిన మెట్టు వేసితిమా యని ఆలోచింతము. రానున్న ఆదివారమున కీర్తన నెత్తుకొనినపుడు పాడువారు పదుగురే కాక, మనమందఱమును గొంతు కలుపుదము గాక.